తోడేళ్లు పెరిగినాయంటే, ఎన్ని?

(కళ్యాణదుర్గం దగ్గర గొర్రెల కాపరుల సమావేశంలో ఒక విశ్రాంత పశువైద్యుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన వాళ్ల కోసం ఫోన్‌లో రికార్డు చేసినదాన్ని విని రాసినాం. ఆయన మాట్లాడిన తీరు మార్చలేదు.)

పెద్దలకు, అన్నలకు, అక్కలకు అందరికీ నమస్కారం. వెనక ఎండలో నిలబడినోళ్లు ముందుకు రాండప్పా. చింతచెట్టు నీడ ఈ పక్క ఇంకా ఉంది. రాండి, కూచోండి. గొర్రెల్ని ఎవరికో అప్పజెప్పి వచ్చినారు మీరంతా, నాకు తెలుసు. పొద్దు వాలకముందే పోవాల. అందుకని నేను నేరుగా విషయానికి వస్తా.

పోయిన నెల ఈ ఊరి పిల్లోడు ఒకడు నాకు ఫోన్‌లో ఒక వీడియో చూపించినాడు. అమెరికాది. అంతా మంచు. చచ్చిన తోడేలును ముందర పెట్టుకుని, దాని తల పైకెత్తి పట్టుకుని, ఒకాయన మోకాళ్ల మీద కూచుని ఉన్నాడు. పిల్లోడు అడిగినాడు: "సార్, ఆడ తోడేళ్లు పెరిగితే వేటగాళ్లకు లైసెన్సులు ఇచ్చి కాల్పిస్తారంట కదా, మనకు ఎందుకు ఇయ్యరు?" ఆ ముందు రోజు రాత్రే వాళ్ల నాయన మందలో ఆరు పిల్లలు పోయినాయి. ఆరు. ఇంకా నెల కూడా నిండని పిల్లలు. తల్లులు పొదుగులు బిగిసి అరుస్తున్నాయి. ఆ పిల్లోడికి నేను అప్పటికప్పుడు ఏం చెప్పాల? చట్టం ఒప్పుకోదురా అని ఒక్క మాట చెప్పి పంపించొచ్చు. చెప్పలేకపోయినా. ఎందుకంటే అది మంచి ప్రశ్న. దానికి సరైన జవాబు చెప్పాలంటే ముందు ఆ అమెరికా వేటగాని బాధ ఏందో మనం తెలుసుకోవాల. అది కూడా బాధే. మన బాధకు దగ్గర బంధువే.

ఆ దేశంలో ఏం జరిగిందో చెప్తా వినండి. వందేండ్ల కిందట వాళ్లు తోడేళ్లను దాదాపు తుడిచిపెట్టేసినారు. విషం పెట్టినారు, ఉచ్చులు వేసినారు, తలకింత అని డబ్బులిచ్చినారు. ఎల్లోస్టోన్ అని పెద్ద అడవి ఉంది, 1926 నాటికి అందులో తోడేలు లేకుండా పోయింది. డెబ్బై ఏండ్ల తర్వాత, 1995లో, 1996లో, కెనడా నుంచి 31 తోడేళ్లను పట్టి తెచ్చి ఆ అడవిలో వదిలినారు. అవి బతికినాయి, పిల్లల్ని పెట్టినాయి, పక్క రాష్ట్రాలకు పోయినాయి. ఆడ ఎల్క్ అని మన కణుజు కంటే పెద్ద జింక ఒకటి ఉంటుంది. వేటగాళ్లు ఏడాదంతా దాని కోసం ఎదురు చూస్తారు. ఎల్లోస్టోన్ ఉత్తరం పక్క మందలో 1994లో దాదాపు 19 వేల ఎల్క్‌లు. ఇరవై ఏండ్లు తిరగకముందే అవి 4 వేలకు వచ్చేసినాయి. తోడేళ్లు ఒక్కటే కారణం కాదు. ఎలుగుబంట్లు ఉన్నాయి, కరువు వచ్చింది, మనుషుల వేట కూడా ఉంది. కానీ వేటగాని కంటికి ఏం కనబడుతుంది? నిన్న మంద ఉండె, ఈరోజు లేదు. నడుమ తోడేలు వచ్చింది. మనమైనా అట్లే అనుకుంటాం కదా?

ఇంకో మాట. ఆ దేశంలో అడవి జంతువుల శాఖలు నడిచేది చాలావరకు వేటగాళ్ల డబ్బుతోనే. లైసెన్సు ఫీజులు వాళ్లవే. 1937లో ఒక చట్టం చేసినారు. తుపాకులు, తూటాల మీద పన్ను వేసి, ఆ డబ్బు జంతువుల కాపుదలకే పెట్టాలని. పెద్ద తుపాకుల మీద అది నూటికి 11. అందుకని వాళ్లు ఏమంటారంటే, ఎనభై ఏండ్లుగా జింకల్ని బతికించింది మా డబ్బు, ఇప్పుడు తోడేళ్ల సంగతి మాట్లాడేటప్పుడు మమ్మల్ని బయట నిలబెడతారా అని. ఈ మాటలో న్యాయం లేదని నేను అనలేను.

విస్కాన్సిన్ అని ఒక రాష్ట్రం ఉంది. దాని కథ మీకు బాగా అర్థమవుతుంది. 1999లో అక్కడి శాఖ ఒక మాట ఇచ్చింది: మన రాష్ట్రంలో తోడేళ్లు 350 ఉంటే చాలు, అదే మా లక్ష్యం అని. సరే అన్నారు వేటగాళ్లు. 2020 వచ్చేసరికి వెయ్యి దాటినాయి. మరి ఆ 350 మాట ఏమైంది? కాపాడాల్సిన జంతువుల పట్టీలో ఉన్నంతకాలం తోడేలును వేటాడేదానికి లేదు. ఆ పట్టీలోనుంచి ఒకసారి తీసేస్తారు, కోర్టు మళ్లీ చేరుస్తుంది. 2012లో తీసినారు, 2014లో చేర్చినారు, 2021 జనవరిలో తీసినారు, 2022 ఫిబ్రవరిలో మళ్లీ చేర్చినారు. ఎలుగుబంటి వేటకు పోయిన కుక్కల్ని తోడేళ్లు చంపుతున్నాయి. ఒక్కో వేటకుక్కకు 2,500 డాలర్ల దాకా ప్రభుత్వమే నష్టపరిహారం ఇస్తుంది, అయినా సాకినోనికి కుక్క కుక్కే కదా. మాట ఇచ్చినారు, మాట తప్పినారు అనేదే వాళ్ల మనసులో ముల్లు. తోడేలు మీద కోపం కంటే ఆఫీసు మీద కోపం ఎక్కువ. ఇది మీకు తెలియని కోపమా?

సరే, 2021 ఫిబ్రవరిలో ఆ రాష్ట్రంలో వేట తెరిచినారు. మొత్తం కోటా 200. అందులో 81 అక్కడి ఓజిబ్వే ఆదివాసుల వాటా. వాళ్లు తోడేలును అన్నదమ్ముడు అనుకుంటారు, వాళ్ల వాటాకు వాళ్లు ఒక్కదాన్నీ కాల్చలేదు. మిగిలిన 119 లైసెన్సు వేటగాళ్లకు. ఎన్ని చంపినారో తెలుసా? 218. ఎన్ని రోజుల్లో? మూడు రోజులు కూడా నిండలేదు. చంపినోడు ఆ సంగతి తెలపడానికి 24 గంటల గడువు ఉంది. ఆ 24 గంటల్లో లెక్క శాఖ చేతికి అందేలోపలే వాటా కంటే దాదాపు వంద ఎక్కువ పోయినాయి. అదీ ఫిబ్రవరిలో, ఆడ తోడేళ్లు ఎదకు వచ్చి కట్టే నెలలో.

నేను ఈ కథ ఎందుకు ఇంత సాగదీసి చెప్పినానంటే, చూడండి. వాళ్లకు మంచు ఉంది. మంచులో తోడేలు అడుగు అచ్చు పోసినట్టు పడుతుంది. వేటగాళ్లు, మామూలు జనం కూడా స్వచ్ఛందంగా చలికాలంలో ఆ అడుగులు చూసి లెక్క కడతారు. విమానాలు తిరుగుతాయి. తోడేలు మెడకు పట్టీ కట్టి రేడియోతో ఆచూకీ పడతారు. ఇన్ని ఉండి కూడా, లెక్క ఒక్కరోజు ఆలస్యమైతే అంత తప్పు జరిగింది. మన దగ్గర ఏముంది? మన గుట్టల్లో తోడేళ్లు ఎన్ని? ఈ చెట్టు కింద కూచున్న వాళ్లలో ఎవరైనా చెప్పగలరా? ఆఫీసులో కూచున్నోళ్లు చెప్పగలరా?

పెరిగినాయి అంటున్నాం. సరే. ఎన్ని నుంచి ఎన్నికి పెరిగినాయి?

దేశం మొత్తం మీద తోడేళ్లు మూడు వేల చిల్లర ఉంటాయని పెద్ద శాస్త్రవేత్తల అంచనా. 2022 లెక్కలో పులులు 3,682 అని తేలింది. అంటే ఏమని అర్థం? మన దేశంలో పులుల కంటే తోడేళ్లే తక్కువ. పులి కనబడితే పేపర్లో వేస్తారు. తోడేలు కనబడితే, మందకు వచ్చింది అంటారు, అంతే. యూరప్ దేశాల్లో 2023 నాటికి 20 వేలకు పైగా తోడేళ్లు ఉన్నాయి. వాటి వల్ల ఏడాదికి 65 వేలకు పైగా జీవాలు చస్తున్నాయని అక్కడ లెక్క ఉంది. ఒక్కొక్క గొర్రెకూ కాగితం ఉంది. ఆ కాగితాల బలంతోనే వాళ్లు 2024 డిసెంబర్‌లో తోడేలుకు ఉన్న గట్టి రక్షణను ఒక మెట్టు తగ్గించుకున్నారు. అది తప్పా ఒప్పా అని ఆడ ఇంకా కొట్లాడుతున్నారు, నేను దానిలోకి పోను. నాకు ముఖ్యం ఏందంటే, ఆ కొట్లాట లెక్క మీద నడుస్తోంది. మన కొట్లాట మాట మీద నడుస్తోంది.

నేను చూసిన గవి

మీకు ఒక సంగతి చెప్తా. ఇది నేను ఎక్కడా చెప్పలేదు.

నాకు అప్పుడు పదేండ్లు. మా నాయన మందలో ఆ ఏడు పదమూడు పిల్లలు పోయినాయి. సంక్రాంతి దాటిన రోజులు. మా చిన్నాయనలు, మామలు అంతా కలిసి గుట్ట మీద తోడేలు గవి కనిపెట్టినారు. గవి ముందర ఎముకలు, గొర్రె ఉన్ని, ఒక పిల్ల గిట్ట. ఎండుగడ్డి, పచ్చి వేపమండలు వేసి పొగ పెట్టినారు. తల్లి అప్పుడు లోపల లేదు. అది గుట్ట అవతల నిలబడి చూస్తా ఉంది. నేను చూసినా దాన్ని. పొగ తగ్గినాక మా చిన్నాయన లోపలికి చెయ్యి పెట్టి తీసినాడు. ఐదు పిల్లలు. కండ్లు ఇంకా తెరవలేదు. మూతులు మొండిగా, ఒళ్లు నల్లటి గోధుమ రంగు, మన కుక్కపిల్లల మాదిరే. ఒకటి నా అరచేతిలో పెట్టినారు. వెచ్చగా ఉండె. అది నా బొటనవేలును చీకింది, పాలు ఉంటాయేమోనని.

ఏం చేసినారో నేను చెప్పను. మీలో పెద్దోళ్లకు తెలుసు. ఆ తర్వాత వాటిని కట్టెకు కట్టి మంద మందకూ తిప్పినారు. ప్రతి మందోడు ఇన్ని జొన్నలో, ఇంత డబ్బో ఇచ్చినారు. మా నాయన తప్పు చేసినాడని నేను ఈరోజు ఆయన్ని అనను. పదమూడు పిల్లలంటే అప్పుడు మా ఇంట్లో ఒక ఏడాది తిండి. కానీ ఏమైంది? మరుసటేడు అదే గుట్టకు ఇంకో జత వచ్చింది. అదే గవి. జాగా ఖాళీగా ఉంటే ఇంకొకటి వచ్చి కూచుంటుంది. మా నాయన మళ్లీ తొమ్మిది పిల్లల్ని పోగొట్టుకున్నాడు. అప్పుడు ఆయన ఏం చేసినాడంటే, పిల్లల్ని గంపల కింద మూసి, గంప మీద బండ పెట్టి, పక్కన మా అవ్వను పడుకోబెట్టినాడు. ఆ ఏడు మళ్లీ పోలేదు.

ఇప్పుడు గవికి పొగ పెడితే జైలు. 1972 చట్టంలో తోడేలు మొదటి షెడ్యూల్లో ఉంది, పులితో పాటు. మూడేండ్ల నుంచి ఏడేండ్ల దాకా శిక్ష. మనిషి ప్రాణానికి ముప్పు అనో, అది కోలుకోలేని రోగంతో ఉందనో పైఅధికారి రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప దాన్ని చంపే దారి లేదు. గొర్రెల్ని తింది అంటే చాలదు. 2024లో ఉత్తరప్రదేశ్‌లో బహరాయిచ్ జిల్లాలో తోడేళ్లు చిన్నపిల్లల్ని ఎత్తుకుపోయి చంపినాయి. అప్పుడు సర్కారు దిగింది, పట్టుకున్నారు. మన సీమలో అట్లాంటిది నేను నా సర్వీసు మొత్తంలో చూడలేదు. మన తోడేలు మన కట్టె చూస్తే పక్కకు పోతుంది.

ఎవరు చంపినారు

ముప్పై ఏండ్ల పైన నేను చచ్చిన జీవాల్ని కోసి చూసినా. నష్టపరిహారం కోసం పంచనామా అంటారు కదా, దానికి పిలుస్తారు. పోతే అందరూ ఒకటే మాట: తోడేలు సార్. నేను ముందర మెడ చూస్తా. తోడేలు గొంతు పట్టుకుంటుంది, కోరపండ్లు లోపలికి దిగి ఉంటాయి, తోలు తీస్తే లోపల రక్తం గడ్డలు కనబడతాయి. చిన్న పిల్లనైతే ఏమీ మిగల్చదు, ఎత్తుకుని పోతుంది. మరి ఊరకుక్కలు? అవి వెనక నుంచి పడతాయి. తొడలు, తోక, పొదుగు, చెవులు చీల్చి ఉంటాయి. ఇరవై గొర్రెలకు గాయాలు, తిన్నది మాత్రం ఏమీ ఉండదు. చిరుత అయితే ఈడ్చుకుపోయిన జాడ ఉంటుంది, ఒంటి మీద గోర్ల గీతలు ఉంటాయి.

ఒకసారి బెళుగుప్ప పక్క ఒక మందకు పిలిచినారు. పదిహేడు గొర్రెలు. కాపరి భార్య ఒక్కొక్కదాని తోక ఎత్తి నాకు చూపిస్తా ఏడుస్తోంది. ఒక్కదానికీ మెడ మీద గాటు లేదు. అన్నీ వెనకే. పొదుగు చీలిపోయి పాలు, రక్తం కలిసి కారుతున్నాయి. అది కుక్కల పని. ఊరి బయట కోళ్ల వ్యర్థాలు పారేసే చోట తిని బలిసిన కుక్కలు. నేను ఆ మాట రాసిన పాపానికి ఆమెకు పరిహారం రాలేదు. అడవి జంతువు చంపితేనే డబ్బు, కుక్క చంపితే లేదు. ఆ రోజు ఆమె నా వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. తప్పు రాయలేను. రాస్తే తోడేలు లెక్క తప్పు అవుతుంది. రాయకపోతే ఆమె ఇల్లు గడవదు. చెప్పండి, నేను ఏం చేయాల? కుక్కలు చంపినా పరిహారం ఇయ్యాలని మనం అడగాల. అది అడగనంతకాలం ప్రతి గాటూ తోడేలు ఖాతాలోనే పడుతుంది. తోడేళ్లు పెరిగినట్టే ఉంటాయి.

ఇంకో సంగతి. ఆ కుక్కలకే తోడేళ్లు కూడా దెబ్బతింటున్నాయి. పిచ్చి, డిస్టెంపర్ రోగాలు కుక్కల నుంచి అంటుకుంటాయి. పుణె దగ్గర కుక్కకూ తోడేలుకూ పుట్టిన సంకరజాతి జంతువు ఉందని పరీక్ష చేసి తేల్చినారు. అట్లాంటిదానికి మనిషి భయం తక్కువ ఉండొచ్చు. అది మన మందకు మంచిది కాదు.

మరి తోడేలు ఇంతకు ముందు కంటే ఎక్కువ కనబడుతోంది కదా సార్ అంటారు. కనబడుతోంది, నిజమే. ఎందుకు కనబడుతోంది? మీరు మేపే బీళ్లు ఏమైనాయి? మా చిన్నప్పుడు పోరంబోకు అంటే మేత. కృష్ణజింకలు తిరుగుతుండె, కుందేళ్లు ఉండె. ఇప్పుడు? నంబులపూలకుంటలో సోలారు. కర్నూలు పక్క గని, శకునాల అనే ఊర్ల దగ్గర దాదాపు 6 వేల ఎకరాల్లో సోలారు, చుట్టూ కంచె. కరెంటు వద్దని నేను అనను. కానీ ఆ కంచె లోపల మీ గొర్రెకూ చోటు లేదు, తోడేలుకూ చోటు లేదు. ఇద్దరూ మిగిలిన గుట్టకే వచ్చినారు. ఒకే గుట్ట మీద ఇద్దరు ఉంటే రోజూ కనబడతారు. రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టినారు. ఆ పిట్ట ఇప్పుడు ఆడ కనబడదు. బయళ్లు పోతే బయలు మీద బతికేవన్నీ పోతాయి. బయలు మీద బతికేది తోడేలు ఒక్కటే కాదు కదా, మీరు కూడా.

మన పక్కనే కర్ణాటకలో, కొప్పళ జిల్లా గంగావతి దగ్గర బంకాపురలో తోడేళ్ల కోసమే ఒక అభయారణ్యం పెట్టినారు. 332 హెక్టార్లు. మనకూ అట్లాంటిది పెడతారని రేపు ఎవరైనా వస్తారు. వచ్చినప్పుడు మీరు వద్దు అని లేచిపోతారా, లేకుంటే మా మేత హక్కు రాసి ఇయ్యండి, అప్పుడు మాట్లాడుదాం అంటారా? ఆ మాట మాట్లాడాలంటే మీ చేతిలో ఏదో ఒకటి ఉండాల.

అందుకే నేను ఈ నోటుపుస్తకాలు తెచ్చినా. వంద ఉన్నాయి, మందకు ఒకటి. పెద్ద రాతపని ఏమీ లేదు. తేది. పొలం పేరు, గుట్ట పేరు. ఏం పోయింది, గొర్రెనా, మేకనా, పిల్లనా. గాటు యాడ ఉంది, మెడ మీదా, వెనకా. పగలా, రాత్రా. వల కట్టినారా లేదా. తోడేలును చూసి ఉంటే, ఎన్ని చూసినారు, పిల్లలు ఉన్నాయా. రాయడం రానోళ్లు ఇంట్లో చదువుకునే పిల్లతో రాపించండి. ఫోన్‌లో మెడ దగ్గర ఒక ఫోటో, గాటు పక్కన బీడీకట్ట పెట్టి తీయండి, సైజు తెలుస్తుంది. చచ్చినదాన్ని పారేయకముందే ఫారెస్టు బీటు ఆయనకు ఫోన్ చేయండి, పశువుల డాక్టరుకు ఫోన్ చేయండి. ఆలస్యమైతే కుక్కలు, రాబందులు... రాబందులు యాడున్నాయి ఇప్పుడు, కాకులు తినేస్తాయి. అప్పుడు నాలాంటోడు వచ్చి కూడా ఏమీ చెప్పలేడు.

రాత్రిపూట వల కట్టండి. నైలాను వల, మనిషి ఛాతీ ఎత్తు, కింద రాళ్లు పెట్టి బిగించాల. కింద సందు ఉంటే తోడేలు దూరుతుంది. పిల్లల్ని మాత్రం గంప కిందే. వల ఉంది కదా అని పిల్లల్ని బయట వదలొద్దు. ఈ రెండూ చేసిన మందల్లో నష్టం ఎంత తగ్గిందో ఒక ఏడాది రాస్తే మనకే తెలుస్తుంది. తగ్గకపోతే, అదీ రాస్తాం. అప్పుడు ఆ పుస్తకాలు వందా తీసుకుని అనంతపురం పోతాం. ఇవిగో, మా నష్టం ఇది, మీ దగ్గర తోడేళ్ల లెక్క చూపించండి అంటాం. అమెరికాలో వేటగాడు గట్టిగా మాట్లాడేది తుపాకీ ఉందని కాదు. లైసెన్సు కట్టినాడు, కాబట్టి ఆ బల్ల దగ్గర ఆయనకు కుర్చీ ఉంది. మనకు ఆ కుర్చీ కావాల. తోడేళ్ల గురించి ఏ నిర్ణయం తీసుకున్నా, ఇన్ని ఉండాల అన్నా, యాడ ఉండాల అన్నా, రాత్రంతా వాటి అరుపు వినేది మీరు. ఏ గుట్టలో ఎన్ని గొంతులు అరుస్తాయో చెప్పగలిగేది మీరు. మీరు లేకుండా ఆ లెక్క ఎట్లా కడతారు?

ఆ వీడియో పిల్లోడు ఈడే ఉన్నాడు, ముందు వరసలో. నేను వాడికి ఆ రోజు జవాబు చెప్పలేదు. అబ్బయ్యా, లైసెన్సు ఎందుకు ఇయ్యరు అంటివి కదా. కాల్చమని చెప్పాలంటే ఎన్ని ఉన్నాయో తెలియాల. అది ఎవరికీ తెలియదు. ముందర తెలుసుకుందాం. మొదటి పుస్తకం నీకే ఇస్తా.

నేను ఇంకా మాట్లాడేది ఉండె కానీ పొద్దు వాలుతోంది. ఆ మూల కంబళి కప్పుకున్న తాత ఇందాకట్నుంచి చెయ్యి ఎత్తి ఉన్నాడు. ఏం తాతా, మీ మందలోనా? ఎప్పుడు? పోయిన అమావాస్యకా. యాడ, ఏ గుట్ట కింద? ఎన్ని పోయినాయి? ఒక్క నిమిషం ఆగు తాతా. రేయ్ అబ్బయ్యా, పుస్తకం తెరువు. రాసుకో.